పగడాలు తెల్లబడుతుంటే ముందు నీళ్లు చల్లబరచండి

విశాఖ ఎంవీపీ కాలనీ ఫ్లాట్‌లో మీరు బతికున్న పగడాలు పెంచే 500 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం ట్యాంకు మధ్యాహ్నానికి 31 డిగ్రీలకు చేరుతోంది, పగడాలు తెల్లబడుతున్నాయి, ఏ మందు వేయాలి అని అడిగారు. మందులేమీ వద్దండీ, మీరు చెప్పినదాన్ని బట్టి కారణం వేడే. నీళ్లు వేడెక్కితే పగడం తన ఒంట్లోని సూక్ష్మ నాచును బయటికి తోసేస్తుంది, దాని రంగూ తిండీ చాలావరకు ఆ నాచు నుంచే వస్తాయి. తెల్లబడిందంటే చచ్చిపోయినట్టు కాదు, తొందరపడి తీసేయకండి.

రెండు ఫ్యాన్లు పెట్టినా తగ్గలేదన్నారు. ఫ్యాన్ నీటిని ఆవిరి చేసే చల్లబరుస్తుంది, మన విశాఖ ఉక్కపోతలో ఆ ఆవిరయ్యేదే తక్కువ, కాబట్టి ఇక్కడ చిల్లర్, అంటే నీళ్లను చల్లబరిచే యంత్రం, తప్పదు. అది వేడి గాలి వదులుతుంది, ట్యాంకు కింద అల్మరాలో మూసిపెట్టకుండా బాల్కనీలో పెట్టించండి. ఒక్కసారిగా కాకుండా రోజుకో డిగ్రీ చొప్పున 26కి దించండి, అంతవరకు లైట్లు కూడా తగ్గించండి.

ఇంకోటి, తగ్గిన నీటికి ఆర్కే బీచ్ నీళ్లు పోస్తున్నారు, అది ఇవాళే ఆపేయండి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు అలాగే ఉండిపోతుంది, పైనుంచి సముద్రపు నీళ్లు పోస్తే ఉప్పు ఇంకా పెరుగుతుంది. ఆర్‌ఓ నీళ్లే పోయండి, ట్యాంకు నీటిలో ఉప్పు లీటరుకు సుమారు 35 గ్రాములుండాలి.

కొత్త పగడాలు ఇప్పుడే కొనకండి. మన సముద్రాల రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో, ఉన్నాయి, కాగితాలు చూపని షాపు జోలికి వెళ్లొద్దు.