చేతిలో ఎన్ని పనులున్నాయి?

ప్రశ్న: మేడమ్, నేను ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో ఉన్నాను. సరఫరాదారుల బిల్లులు సరిచూసి చెల్లింపుకు పంపడం నా పని. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా తల ఎత్తే తీరిక ఉండదు. అయినా రోజుకు నాలుగు పూర్తయితే గొప్ప. సగం చూసి ఆపినవి ఇరవై పైనే ఉన్నాయి. మేనేజర్ ‘స్పీడ్ పెంచాలి’ అంటున్నారు. రాత్రి పడుకున్నా అవే గుర్తొస్తున్నాయి. నాకే చేతకావడం లేదేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీకు చేతకాకపోవడం కాదమ్మా. నేనూ చాలాకాలం బిల్లుల సెక్షన్‌లోనే పనిచేశాను. ‘సగం చూసి ఆపినవి ఇరవై పైనే’ అన్నారు చూడండి, అసలు చిక్కంతా అక్కడే ఉంది.

జాన్ లిటిల్ అనే ఆచార్యుడు 1961లో ఒక చిన్న సూత్రాన్ని రుజువు చేశారు. చేతిలో ఉన్న పనుల సంఖ్యను రోజుకు పూర్తయ్యే పనుల సంఖ్యతో భాగిస్తే, ఒక్కో పనికి సగటున ఎన్ని రోజులు పడుతుందో తెలిసిపోతుంది. మీ దగ్గర 24 బిల్లులున్నాయి, రోజుకు 4 అవుతున్నాయి అనుకుందాం. ఒక్కోదానికి 6 రోజులు. చేతిలో 8 మాత్రమే ఉంచుకుంటే, ఇదే వేగంతో, మొదలుపెట్టిన బిల్లు 2 రోజుల్లో బయటపడుతుంది. మిగతావి ట్రేలో ఆగుతాయి, నిజమే. కానీ తెరవని బిల్లు మీ సమయం తినదు. సగంలో ఆపినదే తింటుంది. తిరిగి తీసిన ప్రతిసారీ మొదటి నుంచి చదువుకోవాలి, ఫోన్ చేసినవాళ్లకు సర్దిచెప్పాలి.

బిల్లు సగంలో ఎందుకు ఆగుతుందో మీకు తెలియంది కాదు. బిల్లు, పర్చేజ్ ఆర్డర్ (సరుకు కోసం కంపెనీ ఇచ్చిన ఆర్డర్ కాగితం), సరుకు అందిన రసీదు, ఈ మూడూ కలవాలి. బిల్లులో 500 వస్తువులుంటాయి, రసీదులో 480 ఉంటాయి. సరుకు దించుకునే స్టోర్స్ విభాగానికి మెసేజ్ పెడతారు, జవాబు రాదు, ఇంకోటి తీస్తారు. అదీ ఇంకెక్కడో ఆగుతుంది. అందుకే పొద్దున్నే ఓ అరగంట లెక్కల జోలికి పోకుండా, కొత్త బిల్లులకు మూడు కాగితాలూ ఉన్నాయా, సంఖ్యా రేటూ కలుస్తున్నాయా అన్నంతవరకే చూడండి. కలవనివి ఆ పూటే తిప్పి పంపేయండి. ‘వివరాలు పంపగలరు’ అని రాస్తే అవతలివాళ్లకు ఏం కావాలో అర్థం కాదు. ‘బిల్లులో 500, రసీదులో 480. మిగతా 20 అందాయో లేదో స్టోర్స్ రాసివ్వాలి’ అని రాయండి. అన్నీ ఉన్న బిల్లు ఒకసారి తీస్తే చెల్లింపుకు పంపేదాకా వదలకండి.

మధ్యలో ఎవరో ఒకరు పిలుస్తారు, తప్పదు. ఒక పని ముగించకుండా ఇంకోదానికి వెళితే మనసు కొంత పాతదాని దగ్గరే ఉండిపోతుందని, దాంతో కొత్త పని దెబ్బతింటుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించారు. తర్వాత 2018లో థెరిసా గ్లోంబ్ అనే మరో పరిశోధకురాలితో కలిసి ఆవిడే దీనికి విరుగుడు కూడా చూపించారు. లేచే ముందు ఎక్కడ ఆగామో, తిరిగొచ్చాక ఏం చేయాలో రాసుకోవడమే. ‘రేట్లు చూశాను, మూడో పేజీలో పన్ను లెక్క మిగిలింది’ అని చీటీ మీద రాసి బిల్లుకు పిన్ చేయండి. నిమిషం కూడా పట్టదు.

ఇంటికి బయల్దేరే ముందు మిగిలిన వాటన్నిటికీ రేపు ఎప్పుడు, ఏం చేస్తారో ఇలాగే రాసిపెట్టుకోండి. పని పూర్తి కాకపోయినా, కచ్చితమైన ప్లాన్ ఉంటే అది మనసులో మెదలడం తగ్గుతుందని మాసికాంపో, బామైస్టర్ అనే పరిశోధకులు 2011లో ప్రచురించిన ప్రయోగాల్లో తేలింది. మీ నిద్ర కోసమైనా ఈ ఒక్కటి మానకండి.

మేనేజర్ దగ్గరికి ‘పని ఎక్కువైంది’ అంటూ వెళ్లొద్దు. ఓ రెండు వారాలపాటు వచ్చినవి ఎన్ని, పంపినవి ఎన్ని, ఆగినవి ఎవరి దగ్గర ఆగాయి అని రాసిన కాగితం పట్టుకెళ్లండి. ఎక్కువ భాగం స్టోర్స్ జవాబు కోసమే ఆగాయని తేలితే, స్పీడ్ ఎక్కడ పెరగాలో ఆయనకే తెలుస్తుంది.

ప్రశ్న: ఎనిమిది మంది టీమ్‌ను చూస్తున్నాను. ఎవరూ గంటసేపు కూడా ఖాళీగా లేకుండా పని పంచుతాను. అయినా అర్జెంట్ పని ఒక్కటొస్తే అన్నీ వెనకబడుతున్నాయి. లోపం ఎక్కడుంది?

జవాబు: ఆ ఖాళీ లేకపోవడంలోనే ఉంది సార్. పనులు ఎప్పుడు పడితే అప్పుడు వస్తాయి, కొన్ని త్వరగా అవుతాయి, కొన్ని సాగుతాయి. క్యూల మీద గణితంలో ఉన్న అతి మామూలు లెక్క ప్రకారం, ఒక మనిషి సమయంలో 80 శాతం పనితో నిండితే, వచ్చిన పని తన వంతు కోసం ఆగే కాలం దాన్ని చేయడానికి పట్టే సమయానికి సగటున 4 రెట్లు. 90 శాతం నిండితే 9 రెట్లు, 95 శాతానికి 19 రెట్లు. మీరు అందరినీ ఆ చివరి అంచుకు నెడుతున్నారు.

పేరుపేరునా పంచడం మానేసి అందరికీ కలిపి ఒకే జాబితా పెట్టండి. చేతిలోది ముగించినవాళ్లు పైనున్నది తీసుకుంటారు. ఒకరి దగ్గర పేరుకుపోయి ఇంకొకరి దగ్గర ఖాళీ ఉండే పరిస్థితి అప్పుడు రాదు. అర్జెంట్ పని వస్తే జాబితాలో అన్నిటికంటే పైన రాయండి. ఎవరి చేతిలోని పనీ మధ్యలో ఆపించకండి. ఎనిమిది మందిలో ముందుగా చేయి ఖాళీ అయినవాళ్లు దాన్ని అందుకుంటారు.