చియాంగ్ మాయ్‌లో ఒంటరిగా, పొదుపుగా

ప్రశ్న: థాయిలాండ్‌లోని చియాంగ్ మాయ్‌కు ఒక్కదాన్నే వెళ్తున్నాను. శాకాహారిని. తక్కువ ఖర్చుతో తిరిగి రావాలంటే ఏం చూసుకోవాలి?

జవాబు: కందకం లోపలి పాత ఊళ్లోనే గది తీసుకోండి. ఒక్కో వైపు సుమారు 1.5 కిలోమీటర్లే, చాలా గుళ్లు నడిచే చూడొచ్చు. ఎర్ర సాంగ్‌థావ్‌లు మన షేర్ ఆటోల్లాంటివే. ఖాళీ బండి ఎక్కితే బండి మొత్తానికీ కిరాయి అడుగుతారు. జనం ఉన్నదాన్నే ఆపి, రేటు తేల్చుకున్నాకే ఎక్కండి. విదేశీ కార్డుకు ఏటీఎంలో ప్రతిసారీ 200 బాట్లకు పైనే కోత పడుతుంది, కాబట్టి డబ్బు ఒకేసారి తీయండి.

అసలు జాగ్రత్త తిండి దగ్గరే. ఉత్త కూరగాయల వేపుడులోనూ చేపల సాస్ పోస్తారు. "కిన్ జే" (పూర్తి శాకాహారమే తింటాను) అని చెప్పండి. గుడ్డు, పాలు, వెల్లుల్లి కూడా వేయరు. ఈ తిండికి గుర్తయిన ఎర్ర అక్షరాల పసుపు జెండా ఉన్న కొట్టయితే నిశ్చింత.

మార్చిలో మాత్రం వెళ్లకండి. పొలాలు, అడవులు తగలబడే పొగ లోయలోనే నిలిచిపోతుంది.