కరోనా నాటి యాంటీబయాటిక్ ఈ దగ్గుకు వాడవచ్చా? డాక్టర్ల సంఘం ఐఎంఏ మాటకు ఎంత విలువ ఇవ్వాలి?

ప్రశ్న: మా వారికి 52 ఏళ్లు. చాలా కాలంగా షుగర్ ఉంది, బీపీకి కూడా మాత్ర వేసుకుంటారు. పన్నెండు రోజుల కిందట జ్వరం, ఒళ్లు నొప్పులు, గొంతు నొప్పి మొదలయ్యాయి. నాలుగో రోజుకు జ్వరం తగ్గింది గానీ దగ్గు వదలలేదు. మందుల షాపులో అడిగితే కరోనా అప్పుడు అందరూ ఇదే వాడారంటూ అజిత్రోమైసిన్ మూడు రోజులకు ఇచ్చారు. దానితో తగ్గకపోయేసరికి ఇప్పుడు మరో యాంటీబయాటిక్ లీవోఫ్లాక్సాసిన్ ఐదు రోజులు వాడమంటున్నారు. ఈలోగా మా మరిది వాట్సాప్‌లో ‘ఐఎంఏ హెచ్చరిక’ అని ఒక సందేశం పంపించాడు. దగ్గు, జ్వరాలకు యాంటీబయాటిక్స్ వాడవద్దని అందులో ఉంది. ఐఎంఏ ప్రభుత్వ సంస్థేనా? కరోనాలో వాళ్లేం చేశారని ఇప్పుడు వాళ్ల మాట వినాలి అంటున్నారు మా వారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు మందు విషయం చెబుతాను. లీవోఫ్లాక్సాసిన్ మొదలుపెట్టవద్దు. జ్వరం, ఒళ్లు నొప్పులు, గొంతు నొప్పి ఒక్కసారిగా వచ్చి, నాలుగో రోజుకు జ్వరం పూర్తిగా తగ్గి, దగ్గు ఒక్కటే మిగిలిందంటే అది చాలావరకు ఫ్లూ వంటి వైరల్ జ్వరమే అయివుంటుంది. అజిత్రోమైసిన్ పనిచేసేది బ్యాక్టీరియా మీద. కాబట్టి దానితో దగ్గు తగ్గకపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు. అంతకన్నా ‘పవర్ ఎక్కువ’ మందు కావాలనడానికి అది ఆధారమూ కాదు. వైరస్ పోయిన తర్వాత కూడా శ్వాసనాళాల లోపలి పొర మానడానికి సమయం పడుతుంది. ఆ రోజుల్లో చల్లగాలి తగిలినా, పోపు ఘాటు సోకినా, కాసేపు గట్టిగా మాట్లాడినా దగ్గు తెర వస్తుంది. ఇటువంటి దగ్గు మూడు వారాల దాకా ఉండవచ్చు.

మీ వారి విషయంలో లీవోఫ్లాక్సాసిన్ వద్దనడానికి మరో రెండు కారణాలు ఉన్నాయి. షుగర్ మాత్రలు వాడేవారిలో ఈ మందు రక్తంలో చక్కెరను ఒక్కోసారి బాగా తగ్గించేస్తుంది, ఒక్కోసారి పెంచేస్తుంది. రెండోది ఇంకా ముఖ్యమైనది. ఇదే మందును క్షయ చికిత్సలో కూడా వాడతాం. అందుకని క్షయ ఉన్నదీ లేనిదీ తెలుసుకోకుండా ఐదు రోజులు వేసేస్తే దగ్గు కొంత ఉపశమించినట్టు కనిపించి, అసలు వ్యాధి బయటపడడం ఆలస్యమవుతుంది. షుగర్ ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశం మిగతావారి కంటే ఎక్కువని మరచిపోకూడదు.

ఇక మీ మరిది పంపిన సందేశం. మీరు రాసినదాన్ని బట్టి అందులోని సారాంశం నిజమే. 2023 మార్చిలో హెచ్3ఎన్2 రకం ఫ్లూ దేశమంతటా పెరిగినప్పుడు ఇండియన్ మెడికల్ అసోసియేషన్, అంటే ఐఎంఏ, ఒక ప్రకటన విడుదల చేసింది. జ్వరం సాధారణంగా మూడు రోజుల్లో తగ్గుతుందని, దగ్గు మూడు వారాల వరకు ఉండవచ్చని, లక్షణాలకు మాత్రమే చికిత్స చేయాలని, అజిత్రోమైసిన్, అమాక్సిసిలిన్-క్లావులనేట్ వంటి మందులను అనవసరంగా వాడవద్దని అందులో చెప్పింది. విచక్షణ లేకుండా వాడుతున్న యాంటీబయాటిక్స్‌గా అది పేర్కొన్నవాటిలో లీవోఫ్లాక్సాసిన్ కూడా ఉంది. కోవిడ్ సమయంలో అజిత్రోమైసిన్‌ను, పరాన్నజీవులకు వాడే ఐవర్‌మెక్టిన్‌ను ఇష్టం వచ్చినట్టు వాడడం వల్ల కూడా మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరిగాయని ఆ ప్రకటనే గుర్తుచేసింది. మీ మందుల షాపు వారు చెప్పిన ‘కరోనా అప్పుడు అందరూ వాడారు’ అన్న మాటకు ఇంతకన్నా సూటి జవాబు ఉండదు.

ఐఎంఏ ప్రభుత్వ సంస్థ కాదు. ఆధునిక వైద్యం చేసే డాక్టర్లు తమంతట తాము సభ్యులుగా చేరే స్వచ్ఛంద సంఘం అది. 1928లో కలకత్తాలో ఏర్పడింది. ఇప్పుడు కేంద్ర కార్యాలయం ఢిల్లీలో ఉంది, రాష్ట్రాల్లోనూ పట్టణాల్లోనూ శాఖలున్నాయి. డాక్టరుకు రిజిస్ట్రేషన్ ఇచ్చేది రాష్ట్ర వైద్య మండలి. వైద్య విద్యను, వృత్తి నియమాలను చూసేది జాతీయ వైద్య కమిషన్. ఐఎంఏకు ఆ అధికారాలేవీ లేవు. అది ఇచ్చేది సలహా, చేసేది డిమాండ్. అందువల్ల దాని పేరు ఉందని ఏ మాటనూ ఆదేశంగా తీసుకోనక్కరలేదు, ప్రభుత్వ ముద్ర లేదని తోసిపుచ్చనూ అక్కరలేదు.

మీ వారు అడిగిన ప్రశ్న న్యాయమైనదే కాబట్టి దానికి కొంచెం వివరంగానే జవాబు చెప్పాలి. కోవిడ్ మొదటి నెలల్లో ఐఎంఏ ముందున్న అతి పెద్ద సమస్య చికిత్స కాదు, భయం. 2020 ఏప్రిల్‌లో నెల్లూరుకు చెందిన ఒక డాక్టరు కోవిడ్‌తో చెన్నైలో మరణిస్తే అక్కడి శ్మశానంలో దహనానికి స్థానికులు అభ్యంతరం చెప్పారు. కొద్ది రోజుల్లోనే అదే నగరంలో మరో డాక్టరు, న్యూరోసర్జన్ (మెదడు, నరాల శస్త్రచికిత్స నిపుణుడు) మృతదేహాన్ని తీసుకెళ్తున్న అంబులెన్స్‌ మీద రాళ్లు రువ్వారు. అద్దె ఇళ్లు ఖాళీ చేయమన్న యజమానులు, విధుల్లో ఉన్నవారిపై దాడులు, ఇవన్నీ అప్పటి పత్రికల్లో మీరు చదివే ఉంటారు. ఏప్రిల్ 22 రాత్రి తొమ్మిది గంటలకు డాక్టర్లంతా తెల్లకోటుతో కొవ్వొత్తులు వెలిగించాలని, ప్రభుత్వం చట్టం తేకపోతే మర్నాడు బ్లాక్ డే పాటిస్తామని ఐఎంఏ ప్రకటించింది. 22న కేంద్ర హోంమంత్రి అమిత్ షా సంఘం ప్రతినిధులతో వీడియోలో మాట్లాడి భద్రతకు హామీ ఇవ్వడంతో ఆ నిరసనను విరమించుకున్నారు. 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని సవరిస్తూ ఆర్డినెన్స్ కూడా ఆ రోజే వచ్చింది. వైద్య సిబ్బందిపై దాడి చేస్తే మూడు నెలల నుంచి ఐదేళ్ల వరకు, తీవ్రంగా గాయపరిస్తే ఆరు నెలల నుంచి ఏడేళ్ల వరకు జైలు. కేసు నాన్ బెయిలబుల్. దర్యాప్తు 30 రోజుల్లో ముగియాలి. సెప్టెంబరులో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. అయితే అది అంటువ్యాధి కాలానికి పరిమితమైన రక్షణ మాత్రమే. అందుకే 2021 జూన్ 18న ఐఎంఏ దాడులకు వ్యతిరేకంగా మళ్లీ దేశవ్యాప్త నిరసన చేయవలసి వచ్చింది.

నా దృష్టిలో ఐఎంఏ చేసిన పనుల్లో అన్నిటికన్నా విలువైనది మరొకటి ఉంది. అది లెక్క. ఎంతమంది వైద్య సిబ్బంది చనిపోయారన్న సమాచారం కేంద్రం దగ్గర లేదని 2020 సెప్టెంబరులో ప్రభుత్వం పార్లమెంటులో చెప్పినప్పుడు, ఐఎంఏ తన శాఖల ద్వారా సేకరించిన 382 మంది డాక్టర్ల జాబితాను బయటపెట్టింది. అందులో 27 ఏళ్ల వారి నుంచి 85 ఏళ్ల వారి వరకు ఉన్నారు. 2021 ఫిబ్రవరిలో ప్రభుత్వం 162 మంది డాక్టర్లు మరణించారని రాజ్యసభకు చెబితే, తమ లెక్క ప్రకారం 734 మంది అని, వారిలో 431 మంది జనరల్ ప్రాక్టీషనర్లని ఐఎంఏ బదులిచ్చింది. ఈ తేడా కేవలం అంకెల గొడవ కాదు. కోవిడ్ విధుల్లో చనిపోయిన వైద్య సిబ్బందికి ప్రభుత్వం ప్రకటించిన 50 లక్షల రూపాయల బీమా అందాలంటే ముందు ఆ మరణం లెక్కలోకి రావలసి ఉండేది. జ్వరం వస్తే మీరు మొదట వెళ్లేది వీధి చివర క్లినిక్‌కే. ప్రభుత్వ విధుల జాబితాలో పేరు లేని ఆ డాక్టరు అదే జ్వరంతో పోతే ఆ సంగతి నమోదు చేసే యంత్రాంగం ఇంకొకటి లేకపోయింది. సంఘం మాజీ జాతీయ అధ్యక్షుడు, హృద్రోగ నిపుణుడు డాక్టర్ కె.కె. అగర్వాల్ కూడా 2021 మేలో కోవిడ్‌తోనే మరణించారు. తాను జబ్బుపడిన తర్వాత కూడా ఆయన వీడియోల ద్వారా రోగులకు సలహాలు చెబుతూనే ఉన్నారు.

టీకాల విషయంలోనూ సంఘం స్పష్టంగానే మాట్లాడింది. 2021 ఏప్రిల్‌లో 45 ఏళ్లు దాటినవారికే టీకా వేస్తున్నప్పుడు 18 ఏళ్లు దాటిన అందరికీ వేయాలని ప్రధానికి లేఖ రాసింది. మే 1 నుంచి ప్రభుత్వం అందుకు అనుమతి ఇచ్చింది, ఆ నిర్ణయానికి ఇతర కారణాలు కూడా ఉన్నాయనుకోండి. ఆధునిక వైద్యాన్ని కించపరుస్తూ బాబా రామ్‌దేవ్ చేసిన వ్యాఖ్యలపై అదే మే నెలలో గట్టిగా నిలబడింది. ఆయన ఆ వ్యాఖ్యలను ఉపసంహరించుకున్నారు. ఆయన సంస్థ పతంజలి వ్యాపార ప్రకటనలపై 2022లో సుప్రీంకోర్టుకు వెళ్లింది కూడా ఐఎంఏనే.

ఇంత చెప్పిన తర్వాత రెండో వైపు కూడా చెప్పాలి. ఐఎంఏ వృత్తి సంఘం. తన సభ్యుల ప్రయోజనాలను చూసుకోవడం దాని పనుల్లో ఒకటి. ఆయుర్వేద పీజీ డాక్టర్లకు కొన్ని శస్త్రచికిత్సలు చేసే వీలు కల్పించిన నోటిఫికేషన్‌కు వ్యతిరేకంగా 2020 డిసెంబర్ 11న, కోవిడ్ ఇంకా ఉండగానే, అత్యవసరం కాని సేవలను పన్నెండు గంటల పాటు ఆపించింది. అందులో రోగి భద్రత ఎంత, వృత్తి సరిహద్దుల పట్టింపు ఎంత అన్నదానిపై డాక్టర్లలోనే భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. చికిత్స విషయంలో నా ఫిర్యాదు వేరే. బ్రిటన్‌లో 7 వేలకు పైగా ఆస్పత్రి కోవిడ్ రోగులపై జరిగిన ‘రికవరీ’ అనే మందుల పరీక్షలో అజిత్రోమైసిన్ ఇచ్చినా ఇవ్వకపోయినా మరణాలు ఒకే స్థాయిలో, 22 శాతం దగ్గర ఉన్నాయని 2021 ఫిబ్రవరి నాటికే తేలింది. అయినా ఆ ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లలో ఒకరికి రాసిన చీటీని ఫొటో తీసి పది కుటుంబాలకు పంపుకున్నారు. అందులో అజిత్రోమైసిన్, ఐవర్‌మెక్టిన్, జింక్‌తో పాటు స్టెరాయిడ్ కూడా ఉండేది. ఆక్సిజన్ అవసరమైన రోగికి ప్రాణం నిలిపే స్టెరాయిడ్, అవసరం లేని షుగర్ రోగికి చక్కెరను విపరీతంగా పెంచి, బ్లాక్ ఫంగస్‌కు దారి తీసిన మాట అందరికీ తెలిసిందే. హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి ఆ వేసవంతా ఆ రోగులతోనే నిండిపోయింది. ఆ చీటీలు రాసినవారిలో ఐఎంఏ సభ్యులు కూడా ఉన్నారు. 2023లో యాంటీబయాటిక్స్ గురించి అంత సూటిగా చెప్పిన సంఘం, అదే గొంతుతో రెండేళ్ల ముందు తన సభ్యులకు పదేపదే చెప్పి ఉంటే బాగుండేది. ఆలస్యమైందని చెప్పి, చెప్పిన మాట తప్పైపోదు కదా.

ఐఎంఏ పేరుతో వచ్చే ప్రతి సందేశమూ ఐఎంఏది కాదు. అసలైన ప్రకటనకు తేదీ, లెటర్‌హెడ్, అధ్యక్ష, కార్యదర్శుల పేర్లు ఉంటాయి. సంఘం వెబ్‌సైట్‌లోనో, ఆ రోజు పత్రికల్లోనో అది దొరుకుతుంది. కషాయం మోతాదులు చెప్పి, వెంటనే పదిమందికి పంపమనే సందేశమైతే చదవకుండానే తీసేయవచ్చు. నిజమైన ప్రకటన కూడా జనం మొత్తానికి చెప్పిన మాటే తప్ప మీ వారిని పరీక్షించి చెప్పినది కాదు. తగ్గిన జ్వరం మళ్లీ వచ్చినా, కళ్లెలో రక్తం కనిపించినా, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పోటు వచ్చినా, నడిస్తే ఆయాసం వస్తున్నా, పల్స్ ఆక్సీమీటర్‌లో 94 కంటే తక్కువ చూపినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఫ్లూ తర్వాత న్యుమోనియా వచ్చే అవకాశం షుగర్ ఉన్నవారిలో ఎక్కువ; అప్పుడు యాంటీబయాటిక్ తప్పనిసరి అవుతుంది, ఏ ప్రకటన వద్దన్నా వాడాల్సిందే.

ఇవేవీ లేకపోయినా ఈ వారంలో ఒకసారి ఫిజీషియన్‌కు చూపించండి. దగ్గు రెండు వారాలు దాటితే ప్రభుత్వ ఆస్పత్రిలో కళ్లె పరీక్ష ఉచితంగా చేస్తారు, ఛాతీ ఎక్స్‌రే కూడా తీయించండి. తినకముందు, తిన్న తర్వాత షుగర్ చూసుకోండి. దగ్గు సిరప్ కొంటే చక్కెర లేనిది అడగండి. ఆయన వాడే బీపీ మాత్ర పేరు మీరు రాయలేదు. అది ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటిదైతే దానివల్లే పొడి దగ్గు వచ్చే అవకాశం ఉంది, అయితే మీ అంతట మీరు ఆపవద్దు, డాక్టరు దాన్ని మారుస్తారు. ఫ్లూకి వాడే ఒసెల్టామివిర్ మొదటి రెండు రోజుల్లో మొదలుపెడితేనే ఎక్కువ ఉపయోగం కాబట్టి ఇప్పుడు దాని అవసరం లేదు. వచ్చే ఏడాదికి ఫ్లూ టీకా గురించి మాత్రం అడగండి. షాపులో ఇచ్చిన అజిత్రోమైసిన్ స్ట్రిప్ ఇంట్లో ఉంటే వెనక్కి తిప్పి చూడండి, దానిపై నిలువుగా ఒక ఎర్రగీత ఉంటుంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు అని దాని అర్థం. ఖాళీదైనా సరే, ఆ స్ట్రిప్‌నూ, బీపీ, షుగర్ మాత్రల స్ట్రిప్‌లనూ డాక్టరు దగ్గరకు వెంట తీసుకెళ్లండి.