ఉంగరాల జుట్టుకు స్మూతనింగ్ చేయిస్తే ఉంగరాలు పోతాయా?

తిరుపతిలో ఉంటున్న ఒక చెల్లెలు, పుట్టుకతో వచ్చిన ఉంగరాల జుట్టుకు పార్లర్‌లో స్మూతనింగ్ చేయిస్తే అది శాశ్వతంగా సాఫీ అవుతుందా అని అడిగారు.

కాదు. ఉంగరాన్ని నిర్ణయించేది తలచర్మంలోని కుదురు ఆకారం కాబట్టి, నెలకు సుమారు 1 సెంటీమీటరు చొప్పున కొత్తగా పెరిగే వెంట్రుక మెలి తిరిగే వస్తుంది. కెరాటిన్ పేరుతో చేసే స్మూతనింగ్‌లో మందు పూసి, ఆరబెట్టి, 200 డిగ్రీలు దాటిన వేడితో పాయలు పాయలుగా ఇస్త్రీ చేస్తారు. ఆ నునుపు 3 నుంచి 5 నెలల్లో తలస్నానాలతో తగ్గిపోతుంది. వెంట్రుకలోని గంధక బంధాలనే తెంచే స్ట్రెయిటెనింగ్ వేరు; అది చేసిన భాగం మళ్లీ ఉంగరం తిరగదు. ఏది చేస్తున్నారో ముందే అడగండి.

నా మేనకోడలు పెళ్లికి ముందు చేయించుకున్నప్పుడు నేను పక్కనే కూర్చున్నాను. ఇస్త్రీ తగలగానే తెల్లటి పొగ లేచి ఇద్దరికీ కళ్లు మండాయి. కిటికీ తెరవమని మేమే అడగవలసి వచ్చింది. అటువంటి పొగలో ఫార్మాల్డిహైడ్ అనే వాయువు ఉండవచ్చు. అది క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. అది లేదని రాసిన సీసాలోనూ గ్లైయాక్సిలిక్ ఆమ్లం ఉంటే, వేడికి అదే వాయువు వెలువడవచ్చు. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవారు దీని జోలికి పోకూడదని నా గట్టి అభిప్రాయం.

కొండపై తలనీలాల మొక్కు మిగిలి ఉంటే ముందు అది తీర్చుకోండి. లేదంటే చెవి వెనుక ఒక్క పాయకు చేయించి, రెండు వారాలు చూశాక నిర్ణయించుకోండి.