ఆ 137 నీ అప్పు కాదు

చెన్నై టి.నగర్ నియోజకవర్గం నుంచి ఒక ఇల్లాలు నాలుగు పేజీల ఉత్తరం రాసింది. 2021 ఏప్రిల్ 6న అసెంబ్లీ ఎన్నికల్లో ఆమె అటు డీఎంకే సూర్యుడికీ ఇటు అన్నాడీఎంకే రెండాకులకూ కాక ఇంకో అభ్యర్థికి ఓటేసింది. మందీమార్బలం లేకుండా గడపకొచ్చి, వీధి మురుగుకాలువ గురించి పది నిమిషాలు నిలబడి విన్నాడట. మే 2న లెక్క తేలితే మామగారి రెండాకులు 137 ఓట్ల తేడాతో ఓడిపోయాయి. కోడలి ఓటు సంగతి భర్త ఆ రాత్రే తండ్రికి చెప్పేశాడు. అప్పట్నుంచి పాలు పొంగినా, కాఫీ చల్లారినా మామగారు "నూటముప్పై ఏడు" అంటారు. "గెలవనివాడికి ఓటేయడం తప్పా?" అని ఆమె ప్రశ్న.

అమ్మా,

తప్పు కాదు. మీ ఇంట్లో అందరూ లెక్కలు చెబుతున్నారు కనుక నేనూ ఒకటి చెబుతాను. నీ ఓటు రెండాకులకే పడి ఉంటే తేడా 136 అయ్యేది. అంతే. అమెరికాలో ఉన్న మీ ఆడపడుచు భర్త ఫోన్లో 2000 నాటి అధ్యక్ష ఎన్నికల్లో ఫ్లోరిడా సంగతి ఎత్తారట. అక్కడ బుష్ 537 ఓట్లతో గట్టెక్కాడు, మూడో మనిషి రాల్ఫ్ నాడర్‌కు 97 వేలు దాటి పడ్డాయి, బుష్ ప్రత్యర్థి అల్ గోర్ మునిగాడు. నిజమే. అందరికంటే ఒక్క ఓటు ఎక్కువొచ్చినా గెలుపే అనే పద్ధతిలో ఇలా జరుగుతుంది. గోర్ గెలవాలనుకున్నవాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. అయితే ఆ 97 వేల ఓట్లు గోర్ దగ్గర అరువు తెచ్చుకున్నవి కావు కదా! నువ్వు ఓటేసిన అభ్యర్థి నిలబడకపోతే నోటా నొక్కేదాన్నని నువ్వే రాశావు. 2013 నుంచి ఆ బొత్తమూ ఉంది. మామగారి మూటలోంచి నువ్వు తీసిందేమీ లేదు.

ఇక ఓటు సంగతి వదిలెయ్. నాలుగు పేజీల్లో మూడు పేజీలు మామగారి మీదే రాశావు. మీ ఆయన గురించి ఉన్నది కొంచెమే, అదీ సంతకం కింద ఇరికించి: "ఆయన సూర్యుడికి వేశారు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. మామగారికి తెలిస్తే తట్టుకోలేరు."

అది చదివి ఉత్తరం పక్కన పెట్టేశాను. మళ్ళీ చేతిలోకి తీసుకోవడానికి కాసేపు పట్టింది.

ఎంజీఆర్ పార్టీ పెట్టిన 1972 నుంచి ఆ జెండా మోసిన మనిషి మీ మామగారు. ఆ రాత్రి ఆయన కుమిలిపోతుంటే, తన మీదికి ఎక్కడ ప్రశ్న వస్తుందోనని కొడుకు పెళ్ళాన్ని ముందుకు తోశాడు. ఇన్నేళ్ళూ నువ్వు మీ ఆయన గుట్టు దాచావు. ఆయన నీ గుట్టు ఒక్క పూట దాచలేకపోయాడు. బూత్‌లో అట్ట అడ్డం పెడతారు. చీటీ అద్దంలో ఏడు సెకన్లు నీకొక్కదానికే కనిపించి పెట్టెలో పడిపోతుంది. ఎవరి ఓటు ఎటు పడిందో బయటపెట్టిన పోలింగ్ సిబ్బందికి మూడు నెలల దాకా జైలు శిక్ష వేయొచ్చు. ఊరూపేరూ తెలియని ఆ గుమాస్తా పాటించే కట్టుబాటు తాళి కట్టినవాడు పాటించలేదు. నాకు కోపమొచ్చింది, దాచుకోను.

మామగారితో నువ్వు పోట్లాడాల్సింది ఏమీ లేదు. ఆయనకు మందులివ్వు, కాఫీ వేడిగా ఇవ్వు, పెద్దాయన. మాట్లాడాల్సింది మీ ఆయనతో. పిల్లలు పడుకున్నాక, ఫోను పక్కన పెట్టించి అడుగు: "నేను మీతో చెప్పుకున్న మాట మీ నాన్నగారికి ఎందుకు చెప్పారు?" నవ్వి తప్పించుకోబోతే మళ్ళీ అదే అడుగు. ఆయన ఓటు సంగతి మాత్రం ఎత్తి బెదిరించకు. ఆయన చేసిన పనే నువ్వూ చేసినట్టవుతుంది. తండ్రి దగ్గరికి వెళ్ళి ఆయన ఒక్క మాట చెబితే చాలు: "నాన్నా, అది మా ఇద్దరి మధ్య మాట, నేను మీకు చెప్పి ఉండకూడదు. ఇక ఆ లెక్క ఎత్తొద్దు." తను ఎవరికి వేశాడో చెప్పనక్కర్లేదు. ఈపాటి చెప్పలేని మగవాడు నీకు అండగా ఉన్నాడని నేను ఒప్పుకోను.

ఆయన చెప్పకపోతే నువ్వే చెప్పు. మామగారు ఈసారి "నూటముప్పై ఏడు" అనగానే గిన్నె కింద పెట్టి, గొంతు పెంచకుండా, "మీరు ఎవరికి వేశారని నేనెప్పుడూ అడగలేదు మామగారూ" అను. అత్తవారింట్లో అణకువగా ఉండాలని నాకూ నేర్పారు, నేనూ అలాగే ఉన్నాను. కానీ ఓటరు జాబితాలో నీ పేరు నీ పేరుగానే ఉంది.

వచ్చే ఎన్నికల్లో ఎవరికి వేయమంటారని అడిగావు. అది నన్ను కూడా అడగకూడదమ్మా.

పెద్దమ్మాయికి పదహారేళ్ళన్నావు. 137 అంటే ఏమిటని అది అడిగితే "ఏం లేదులే" అన్నావట. మళ్ళీ అడిగితే లెక్కతో సహా చెప్పు. వాళ్ళ నాన్న అక్కడే కూర్చుని ఉన్నప్పుడు చెప్పు.