ఇరవయ్యో రోజు కాళ్లు ఎవరివి?

ప్రశ్న: జిరో ద ఇటాలియా సైకిల్ రేసు ఈమధ్యే చూస్తున్నాను. రెండు వారాలు లీడ్‌లో ఉన్నవాడే గెలుస్తాడని ఫ్రెండ్స్‌తో గట్టిగా చెబుతాను, తీరా చివర్లో అంతా తారుమారవుతోంది. విజేతను పసిగట్టడం ఎలా?
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మొత్తం టైమ్‌లో ముందున్నవాడు వేసుకునే పింక్ జెర్సీ ఎవరి ఒంటి మీద ఉందో చూసి చెబితే దెబ్బతింటారండీ. ఇంకా ఎక్కాల్సిన కొండలేమిటో, అప్పటికి ఎవరి పక్కన ఎవరు మిగులుతారో చూడండి. 21 స్టేజ్‌ల (రోజుకొకటి) రేసులో మొదటి వారం ఉన్న కాళ్లు మూడో వారం ఉండవు.

2018లో సైమన్ యేట్స్ మూడు స్టేజ్‌లు గెలిచి, లీడర్‌గానే 19వ స్టేజ్‌కి వచ్చాడు. ఆ రోజు కొల్లె దెల్లె ఫినెస్త్రె ఎక్కాలి. 2,178 మీటర్ల ఎత్తుకు వెళ్లే ఘాట్ రోడ్డు, పైభాగమంతా తారు లేని మట్టి, కంకర. యేట్స్ అక్కడ పూర్తిగా చేతులెత్తేసి ఒక్క రోజులో 38 నిమిషాలకు పైగా పోగొట్టుకున్నాడు. 3 నిమిషాల 22 సెకన్లు వెనకున్న క్రిస్ ఫ్రూమ్ దాదాపు 80 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కి జెర్సీ అందుకున్నాడు, రేసూ గెలిచాడు.

2025లో 20వ స్టేజ్‌లో మళ్లీ అదే కొండ. 21 ఏళ్ల ఇసాక్ దెల్ తోరో లీడర్, 43 సెకన్ల వెనక రిచర్డ్ కరపాస్, 1 నిమిషం 21 సెకన్ల వెనక అదే యేట్స్. ముందుండి గాలి కాస్తూ నువ్వు లాగు అంటే నువ్వు లాగు అన్నట్టు మొదటి ఇద్దరూ ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండిపోయారు, యేట్స్ మాత్రం వెళ్లిపోయాడు. ఉదయమే ముందు గుంపులో వెళ్లిన అతని టీమ్ మేట్ వౌట్ వాన్ ఆర్ట్ కొండ దిగాక అతన్ని వెనక పెట్టుకుని, ఎదురుగాలి తాను కాస్తూ లోయ పొడవునా లాగాడు. తేడా ఐదు నిమిషాలు దాటింది! నాకు ఈ రేసులో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే, ఎందుకంటే గెలుపు కొండ మీద ఎంతో, ఆ లోయలోనూ అంత.

కాబట్టి రెండో వారం అయ్యాక మ్యాప్ తీయండి. చివరి పెద్ద కొండకూ ఫినిష్‌కీ మధ్య చదును రోడ్డు ఉంటే, ఏ టీమ్ ముందే మనిషిని పంపుతోందో గమనించండి. టైమ్ ట్రయల్, అంటే ఒక్కొక్కరూ విడిగా గడియారంతో పోటీపడే స్టేజ్, మిగిలుంటే అందులో బలమైనవాడికి నిమిషం తేడా పెద్ద లెక్క కాదు. ఇంతా చూశాక కూడా రెండు పేర్లు చెప్పండి, ఒకటి కాదు. 2016లో లీడర్ స్టీవెన్ క్రైస్వైక్ అన్యెల్లో కనుమ దిగుతూ రోడ్డు పక్కన పేరుకున్న మంచును గుద్ది పల్టీ కొట్టాడు, చివరికి విన్‌చెంజో నీబలి గెలిచాడు.