రొయ్య తిన్నది వాళ్లు, పొగ ఎవరి ఖాతాలో?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె, రొయ్యల సాగు. అమ్మాయి బీటెక్ కెమికల్ మూడో సంవత్సరం. వస్తువుల తయారీ, ఎగుమతుల వల్ల పర్యావరణం మీద ఎంత భారం పడుతుందో కొలిచే పని నేర్చుకుంటానంటోంది. మా తోడల్లుడి కొడుకు సాఫ్ట్‌వేర్‌లో మంచి ప్యాకేజీలో ఉన్నాడు. అమ్మాయి చేత ఈఎస్‌జీ (కంపెనీలు పర్యావరణం, సమాజం, పాలన విషయాల్లో ఎలా ఉన్నాయో చూసేది) సర్టిఫికెట్ కోర్సు చేయించమంటారా, విదేశాల్లో ఎంఎస్సీకి పంపమంటారా? అసలు దీనికి ఉద్యోగాలుంటాయా?

జవాబు: మీరు చివర అడిగిందే మీ అసలు టెన్షన్. ఊళ్లో ఎవరూ పేరు వినని చదువు చదివి పిల్ల ఖాళీగా ఉంటే ఎలా అని. ఒకప్పుడు బయోటెక్ గురించి, తర్వాత డేటా సైన్స్ గురించి ఇదే కంగారుతో ఎందరో తల్లిదండ్రులు నా దగ్గరకు వచ్చారు.

ఆ పనేంటో మీ చెరువు గట్టు మీదే చూడండి. రాత్రంతా నీటికి గాలి అందించే ఏరేటర్లు తిరుగుతాయి. కరెంటు పోతే జనరేటర్, దానికి డీజిల్. మేతలోని సోయా ఎక్కడో ఎరువేసి పండించింది. పట్టుబడి అయ్యాక ఐసు, ప్లాంటులో ఫ్రీజింగ్, ఆపైన ఓడ. తినేది మాత్రం అమెరికాలో. చెరువు దగ్గర, ప్లాంటులో వచ్చిన పొగంతా దేశాలవారీ లెక్కల్లో మన ఖాతాలోనే పడుతుంది. తిన్నవాళ్ల ఖాతాలో వేస్తే ఎంతవుతుందో తేల్చడమే మీ అమ్మాయి నేర్చుకుంటానంటున్న విద్య. ఏ రంగం ఏ రంగం నుంచి ఎంత సరుకు కొంటుందో చూపే ఇన్‌పుట్-ఔట్‌పుట్ పట్టికలు దీనికి వాడతారు. ఆ పద్ధతికే ఆర్థికవేత్త వాసిలీ లియోంటీఫ్‌కు 1973లో నోబెల్ వచ్చింది. నిన్న మొన్న పుట్టిన ఫ్యాషన్ కాదిది.

పని ఉంది, భయపడకండి. యూరప్‌కు ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు వెళ్లాలంటే వాటి వెనకున్న కార్బన్ లెక్క చూపాలి. 2023 అక్టోబరు నుంచి రిపోర్టులు అడుగుతున్నారు, 2026 జనవరి నుంచి అది సుంకం దశకు చేరింది. మన స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ కూడా మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు ఏటా ఇలాంటి నివేదిక ఇవ్వాలని 2022-23 నుంచి తప్పనిసరి చేసింది.

నాకు నమ్మకం లేనిది ఆ సర్టిఫికెట్ కోర్సు మీదే. నా దగ్గరకొచ్చిన ఒక కుర్రాడు లక్షకు పైగా కట్టి చేశాడు. ఇంటర్వ్యూలో "ఈ కరెంటు అంకె ఎక్కడిది? బొగ్గుదా, సోలార్‌దా?" అంటే నోరు పెగల్లేదు. ఫారం నింపడం నేర్పారు, ఆ ఫారంలో అంకె ఎలా వస్తుందో నేర్పలేదు. ఫారాలు నింపే పనికి రేపు మనిషి అక్కర్లేకపోవచ్చు కూడా. మీ అమ్మాయికి మెటీరియల్ బ్యాలెన్స్, అంటే లోపలికి ఎంత సరుకు వెళ్లింది, బయటికి ఎంత వచ్చింది అనే లెక్క వచ్చు. ఈ విద్యకు పునాది అదే. దానికి స్టాటిస్టిక్స్, కొంచెం పైథాన్ తోడైతే సాఫ్ట్‌వేర్ దారీ మూసుకుపోదు.

ఎంఎస్సీ అంటే నెదర్లాండ్స్‌లో లైడెన్, డెల్ఫ్ట్ యూనివర్సిటీలు కలిసి నడిపే ఇండస్ట్రియల్ ఎకాలజీ కోర్సు మంచిది. కానీ అప్పు చేసి ఇప్పుడే పరుగెత్తక్కర్లేదు.

ఒక మాట కటువుగానే అంటాను. తోడల్లుడి కొడుకు ప్యాకేజీ రాశారు గానీ, అమ్మాయికి ఈ ఆసక్తి ఎలా కలిగిందో ఒక్క ముక్క రాయలేదు. అడిగారా అసలు? మీ చెరువు దగ్గర జనరేటర్ చప్పుడు వింటూ పెరిగిన పిల్ల అండీ.

ఈ పంట కరెంటు బిల్లులు, మేత బిల్లులు, డీజిల్ చీటీలు తన చేతికివ్వండి. ఇలాంటి లెక్కలు వేసే ఓపెన్‌ఎల్‌సీఏ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. సెలవుల్లో మీ కిలో రొయ్యకు ఎంత కార్బన్ పడిందో తేల్చమనండి. ఆ లెక్క పట్టుకుని ఇద్దరూ కలిసి రండి, ఎంఎస్సీ సంగతి అప్పుడు మాట్లాడదాం.